అలసటయు, అధివృక్క గ్రంథులును

"డాక్టరుగారూ, నాకు అడ్రినల్ ఫటీగ్ అని తేలిందండీ" అనుచు ఒక ఉపాధ్యాయురాలు మా యెదుట కూర్చుండి, చేతిసంచిలోనుండి ఒక కాగితముల కట్టను తీసెను. అందు ఉమ్మి పరీక్షల ఫలితములును, ఒక రంగుల పటమును, ఒక పొడి డబ్బాను గూర్చిన చీటియు కలవు. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, పండుకొనబోవునపుడు, ఇట్లు నాలుగు వేళల ఉమ్మిని చిన్న సీసాలలో పట్టి పంపగా, దానిలో కార్టిసాల్ అను హార్మోను ఎంత యున్నదో లెక్కకట్టి, ఆమె అధివృక్క గ్రంథులు అలసి మూడవ దశకు చేరినవని ఆ కాగితములో వ్రాసిరి. ఆరు నెలలు ఆ పొడిని పాలలో కలిపి త్రాగవలెనని సలహా.

ఆమె బాధ కల్పితము కాదు. ఉదయము లేచునప్పటికే ఒళ్లు బరువు. బడిలో మధ్యాహ్నపు గంట కొట్టునప్పటికి కాళ్లు లాగుట, మేడమెట్లు ఎక్కినచో ఆయాసము, ఆదివారమంతయు నిద్రించినను తీరని నిస్సత్తువ. ఇంటిలో చెప్పుకొనగా "అందరికీ ఉండేదే" అనిరట. ఒక వైద్యుడు మాట పూర్తికాకమునుపే బలమునకు మాత్రలు వ్రాసెనట. మూడవచోట మాత్రము ఆమె చెప్పినదంతయు ఓపికగా విని, ఆ బాధకొక పేరు పెట్టిరి. పేరు దొరికినందులకు ఆమెకు కలిగిన ఊరటను మేము గ్రహింపకపోలేదు. కాని ఆ పేరుగల జబ్బు వైద్యశాస్త్రమున లేదు.

చిత్రమేమనగా, ఆ గ్రంథులు నిజముగనే పని మానివేసిన మనుష్యుడొకడు ఆ నెలలోనే మా వార్డునకు వచ్చెను. ఆయన వద్ద ఏ కాగితమును లేదు. ఏ పేరును లేదు. ఆయన సంగతి చెప్పుటకు ముందు ఈ గ్రంథుల సంగతి కొంత చెప్పవలసియున్నది.

మూత్రపిండములు నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల ఉన్నవి. వాని తలలమీద టోపీలవలె కూర్చున్నవే అధివృక్క గ్రంథులు. ఒక్కొక్కదాని బరువు నాలుగైదు గ్రాములు మాత్రమే. ప్రతి గ్రంథికిని పైన వల్కలమను పొరయు, లోపల దవ్వయు ఉండును. దవ్వనుండి అడ్రినలిన్ వచ్చును. వీధికుక్క తరిమినపుడు గుండెను దడదడలాడించునది అదియే. అది క్షణములలో వచ్చి నిమిషములలో పోవును. వల్కలమునుండి వచ్చువానిలో రెండు మిక్కిలి ముఖ్యమైనవి. అల్డోస్టిరోన్ అనునది ఒంటిలోని ఉప్పు మూత్రమువెంట వృథాగా పోకుండ కాపాడును. రెండవది కార్టిసాల్.

కార్టిసాల్ చేయు పని ఇంటిలో పొదుపరియైన ఇల్లాలు చేయు పనివంటిది. తిండి అందని వేళ కాలేయముచేత చక్కెరను తయారు చేయించి మెదడునకు అందించును. రక్తనాళముల బిగువు సడలకుండ చూచి రక్తపుపోటును నిలుపును. ఒంటిలో వాపు, మంట పుట్టినపుడు అవి హద్దుమీరకుండ అణచును. జ్వరము వచ్చినను, ఎముక విరిగినను, కడుపునకు శస్త్రచికిత్స జరిగినను, ఆరోగ్యవంతుని గ్రంథులు దీనిని కొన్ని రెట్లు ఎక్కువగా విడుదల చేయును. మామూలు దినములలో ఇంత పనియు జరుగుట కొరకు ఒంటికి కావలసిన కార్టిసాల్ రోజుకు సుమారు 10 మిల్లీగ్రాములు. అనగా ఒక బియ్యపుగింజ బరువులో సగము.

ఇది రోజంతయు ఒకే మట్టమున ఉండదు. నడిరేయి వేళ మిక్కిలి తక్కువ. తెల్లవారుజామున పెరుగ నారంభించి, మనము లేచు వేళకు, అనగా ఆరు ఎనిమిది గంటల నడుమ, శిఖరమునకు చేరును. కన్ను తెరచిన పిమ్మట అరగంట ముప్పాతిక గంట వరకు మరికొంత ఎగయును. అటుపిమ్మట ప్రొద్దు వాలుచున్నకొలది అదియు వాలును. ఉదయము ఎనిమిది గంటలకు తీసిన రక్తములో డెసీలీటరుకు సుమారు 5 మొదలు 25 మైక్రోగ్రాముల వరకు ఆరోగ్యవంతులలో కనబడును. ఒక ఇంటిలో అక్కకు 8, చెల్లెలికి 20 ఉండవచ్చును, ఇరువురును ఆరోగ్యవంతులే. పైగా అది ఎడతెగని ధారగా రాదు, విడతలు విడతలుగా వచ్చును. కావున అరగంట తేడాలో తీసిన రెండు పరీక్షలు రెండు విధములుగా ఉండుటలో వింత లేదు. ముందునాటి నిద్ర, జలుబు, సూది యనిన భయము, పరీక్ష వేళకు పరుగెత్తుకొని వచ్చుట, ఇవన్నియు అంకెను మార్చును. స్త్రీలు వాడు కొన్ని గర్భనిరోధక మాత్రలలోని ఈస్ట్రోజెన్ వలన రక్తములో కార్టిసాలును మోయు ప్రోటీను పెరిగి, మొత్తము అంకె పెద్దదిగా కనబడును. ఒంటికి పనికివచ్చు కార్టిసాల్ మాత్రము పెరుగదు.

"హెచ్చుతగ్గులు ఉన్నవి" అని చీటిలో చూచి బెదరువారికి మేము మొదట చెప్పు మాట ఇది: హెచ్చుతగ్గులే దాని స్వభావము. అవి లేనిచోటనే మేము అనుమానపడుదుము. రాత్రి పదునొకండు గంటలకు కూడ ఉదయమున్నంత కార్టిసాల్ ఉన్నదనిన, అప్పుడు వెదకవలసినది వేరే యున్నది.

రాత్రి షిఫ్టువారి సంగతి కొంత వేరు. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారములో వంతులవారీగా పనిచేయు కార్మికుడైనను, హైదరాబాదులో కూర్చుండి అమెరికా వేళలకు పనిచేయు యువతియైనను, ఒంటిలోని గడియారమును మాత్రము సూర్యునివద్దనే వదలి వచ్చెదరు. ఆ గడియారము వెలుగును చూచి నడచునది. నాలుగు దినములు రాత్రి, నాలుగు దినములు పగలు అని మార్చుచు పోయినచో అది ఏ వేళకును కుదురుకొనదు. వీరి అలసట నిజము. వీరి ఉమ్మిని నాలుగు వేళల పరీక్షించినచో పటము వంకరగా వచ్చుటయు నిజమే. అయినను గ్రంథులకు జబ్బు లేదు, డ్యూటీ చీటికిని ఒంటి గడియారమునకును పొత్తు కుదరలేదు. వారికి మందుపొడి వ్రాయుటకంటె యజమానికి ఒక ఉత్తరము వ్రాయుట మేలని మాకు తోచుచుండును. కనీసము షిఫ్టులు పగలు, సాయంకాలము, రాత్రి అను వరుసలో ముందునకే జరుగునట్లు చూచుకొనుట, రాత్రి పని ముగిసి వచ్చినపుడు నల్లని తెరలు వేసిన గదిలో నిద్రించుట, పనిలో చివరి గంటలందు కాఫీ మానుట, ఇవి కొంత ఉపకరించును.

ఇక ఈ "గ్రంథుల అలసట" యను మాట ఎట్లు పుట్టినది? 1936 లో కెనడా దేశపు మాంట్రియల్ నగరమునుండి హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. ఎలుకలను చలికి, గాయములకు, అతిశ్రమకు, విషపు మందులకు గురిచేయగా, బాధ ఏదియైనను వాని ఒంటిలో కలుగు మార్పులు ఒకే విధముగా ఉన్నవని అందు చెప్పెను. ఒత్తిడి యను మాటను నేడు మనము వాడు అర్థమున లోకమునకు ఇచ్చినది ఆయనయే. హెచ్చరిక, ప్రతిఘటన, నిస్సత్తువ అని ఒత్తిడికి మూడు దశలు ఆయన చెప్పెను. 1998 లో అమెరికాలో జేమ్స్ విల్సన్ అను ప్రకృతి చికిత్సకుడు "అడ్రినల్ ఫటీగ్" అను పేరును ప్రచారములోనికి తెచ్చెను. బ్రదుకు భారమును మోసి మోసి ఈ గ్రంథులు కూడ ఎద్దులవలె అలసిపోవునని దాని సారము.

ఈ పోలిక మనకు నచ్చుటలో ఆశ్చర్యము లేదు. తండ్రి పక్షవాతము, కుమార్తె పెండ్లి, తీరని అప్పు, ఇవి మూడును ఒకే యేట వచ్చిపడిన మనుష్యుడు, లోపల ఏదియో అరిగిపోయినదని తలచుట సహజము. కాని సెల్యే ఎలుకల కడుపులు కోసి చూచినపుడు ఆ గ్రంథులు అరిగిపోయి కనబడలేదు. ఉబ్బి పెద్దవై కనబడినవి. పని పెరిగినకొలది అవి పెరిగినవి. చిరకాలము జబ్బుపడినవారిలోను, దిగులులో క్రుంగినవారిలో పలువురిలోను కార్టిసాల్ పెరిగియుండుటయే వైద్యులు చూచుచున్నారు. 2016 లో బ్రెజిల్ దేశపు వైద్యులిద్దరు ఈ విషయముపై అంతవరకు జరిగిన 58 అధ్యయనములను వరుసగా పరిశీలించి, పరీక్షాపద్ధతులకు పొంతన లేదనియు, అట్టి జబ్బు ఉన్నదనుటకు ఆధారము లేదనియు తేల్చిరి. హార్మోను వైద్యుల సంఘములు ఏవియు దీనిని జబ్బుగా అంగీకరింపలేదు.

గ్రంథులు అలసిపోవని చెప్పుచున్నాము గాని, చెడిపోవని చెప్పుట లేదు. 1855 లో లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ ఆడిసన్ పదునొకండుగురు రోగుల కథలను ఒక చిన్న గ్రంథముగా ప్రకటించెను. వారు రోజురోజునకు నీరసించి, చిక్కిపోయి, ఒళ్లు నల్లబడి మరణించిరి. మరణించిన పిదప చూడగా అధివృక్క గ్రంథులు పాడైయుండెను. వానిలో పెక్కింటికి కారణము క్షయ. ఆ జబ్బును నేటికిని ఆడిసన్ వ్యాధి యనియే అందురు. పాశ్చాత్యదేశములలో ఇప్పుడు దీనికి ముఖ్యకారణము ఒంటిలోని రక్షకశక్తియే పొరబడి గ్రంథులపై దాడిచేయుట. మనదేశములో క్షయ ఇంకను ఆ జాబితానుండి తొలగలేదు. కొన్ని జాతుల బూజు వలన కలుగు రోగములును ఉన్నవి.

దీని లక్షణములలో అలసట ఒకటి మాత్రమే. దానితోడు నెలనెలకు బరువు తగ్గును, ఆకలి నశించును, వాంతులు వచ్చును. కూర్చున్నవాడు లేచి నిలువగనే కన్నులు చీకట్లు క్రమ్మును. కొందరికి ఉప్పుమీద వింతయైన మక్కువ పుట్టును. అన్నములో ఊరగాయ ఉప్పు చాలక, ఉత్త ఉప్పునే నాలుకమీద వేసికొన్నవారిని మేము ఎరుగుదుము. ఒంటి రంగు మారుట తెల్లవారిలో సులభముగా తెలియును. మనవారిలో అరచేతి గీతలు, చిగుళ్లు, బుగ్గల లోపలిభాగము, క్రొత్తగా మానిన గాయపు మచ్చలు, ఇవి నల్లబడినవా యని చూడవలయును. "ఎండలో తిరుగుతున్నాడు, నల్లబడ్డాడు" అని ఇంటివారు సరిపెట్టుకొందురు. అరచేతి గీతలలోనికి ఎండ ఎట్లు పోవును?

ఈ జబ్బును గుర్తించుటకు ఉమ్మి సీసాలు నాలుగు అక్కరలేదు. ఉదయము ఎనిమిది గంటలకు రక్తములో కార్టిసాల్ చూచెదము. అది 3 మైక్రోగ్రాములకంటె తక్కువయైనచో అనుమానము గట్టిది. 18 కంటె ఎక్కువయైనచో దాదాపు భయము లేదు. నడుమ ఉన్నచో గ్రంథిని మేల్కొలుపు ఎ.సి.టి.హెచ్. అను మందును సూదిద్వారా ఇచ్చి, అరగంటకు, గంటకు మరల రక్తము తీసి, గ్రంథి పలికినదో లేదో చూచెదము. జబ్బు ఉన్నదని తేలిన పిమ్మట చికిత్స కష్టము కాదు. లేని హార్మోనును మాత్రరూపమున ప్రతిదినము ఇచ్చుటయే. అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీకి ఈ వ్యాధి 1947 లోనే బయటపడినది. ఆయన ఆ మందులతోనే ఎన్నికలలో నిలిచి 1961 లో అధ్యక్షుడయ్యెను. దానిని లోకమునకు చెప్పకుండ దాచిరి, అది వేరు కథ.

ఇక మా వార్డునకు వచ్చిన మనుష్యుని సంగతి. గోదావరి జిల్లాల రైతు. వయసు అరువది రెండు. రెండు దినములుగా జ్వరము, వాంతులు. మంచముమీదినుండి లేవబోయి పడిపోగా, కొడుకు కారులో తీసికొని వచ్చెను. రక్తపుపోటు పైఅంకె 70. కలుషితాహారమని తలచి సెలైను ఎక్కించితిమి. రెండు సీసాలు పోయినను పోటు లేవలేదు. రక్తములో సోడియము తగ్గినది, చక్కెర 52. అప్పుడు మాలో చిన్నవాడైన వైద్యుడొకడు ఆయన భార్యను ఒక ప్రశ్న అడిగెను: "అమ్మా, ఈయన ఏం మందులు వాడుతున్నారు అని కాదు, ఈమధ్య ఏం మందులు మానేశారు?"

"మోకాళ్ల నొప్పులకి మా ఊరి డాక్టరు తెల్లమాత్ర ఇచ్చేవాడు బాబూ. మూడేళ్లు వేసుకున్నారు. అది వేసుకుంటే పరుగే. మొన్న మా అల్లుడు పట్నం నుంచి వచ్చి, అది స్టెరాయిడ్, ఎముకలు గుల్లవుతాయని డబ్బా అంతా పారబోశాడు. పదిరోజులైంది" అని ఆమె చెప్పెను. కొడుకు ఇంటికి ఫోను చేసి ఖాళీ అట్టమీది పేరు చదివించెను. ప్రెడ్నిసొలోన్, 10 మిల్లీగ్రాములు.

అల్లుడు చెప్పినది అసత్యము కాదు. ఆ మాత్ర ఎముకలను గుల్ల చేయును, చక్కెరను పెంచును, కంటిలో పొరలు తెచ్చును. ఆయన చేసిన పొరపాటు ఒక్కటే: ఒక్కనాటిలో మాన్పించుట. అది ఎట్లు ప్రాణముమీదికి వచ్చినదో తెలియుటకు కాలువ లాకును తలచుకొనుడు. డెల్టాలోని మనవారికి ఇది క్రొత్త కాదు. మెదడులోని హైపోథలామస్ అను భాగము ఉత్తరువు పంపు అధికారి. దాని క్రింద ఉన్న పీయూషగ్రంథి లస్కరు. లస్కరు ఎ.సి.టి.హెచ్. అను తాళముచెవితో అధివృక్కగ్రంథి యను లాకును తెరచును, కార్టిసాల్ అను నీరు పారును. చేలలో నీరు చాలినంత ఉన్నదని కబురు రాగానే లాకు మూయబడును. ప్రతిదినము బయటినుండి మాత్రరూపమున నీరు వచ్చిపడుచున్నపుడు, చేలు నిండియున్నవి గదా యని అధికారి ఉత్తరువులు మానును. లస్కరు చేయి తీయడు. మూడు సంవత్సరములు తెరువని లాకు బిగుసుకొనిపోవును. అట్టివేళ బయటి నీటిని ఒక్కసారిగా ఆపినచో, ఆనాడే లాకు తెరచుకొనునా? మామూలు దినములలో ఎట్లో ఈడ్చుకొనివచ్చినను, జ్వరము వచ్చి కొన్ని రెట్లు కార్టిసాల్ కావలసిన నాడు మనుష్యుడు కూలిపోవును.

ఇట్టివారి ఒళ్లు నల్లబడదు. ఉప్పుమీద మక్కువయు పుట్టదు. లస్కరే నిద్రించుటచేత నలుపును తెచ్చు ఎ.సి.టి.హెచ్. ఎక్కువ కాదు, ఉప్పును కాపాడు అల్డోస్టిరోనుకు వేరే యజమాని కలడు. ఆడిసన్ చెప్పిన గుర్తులకై వెదకువైద్యుడు ఇచ్చట మోసపోవుటకు కారణమిదియే. మేమును మొదటి గంట మోసపోతిమి.

రక్తము పరీక్షకు తీసి, ఫలితమునకై వేచియుండక, హైడ్రోకార్టిసోను 100 మిల్లీగ్రాములు నరములోనికి ఇచ్చితిమి. హైడ్రోకార్టిసోను అనగా కార్టిసాలే. సీసాలోనున్నపుడు పేరు వేరు. సాయంకాలమునకు పైఅంకె 110 కి వచ్చెను. రాత్రి ఆయన కాఫీ అడిగెను. మరునాడు వచ్చిన ఫలితములో కార్టిసాల్ 1.2 మైక్రోగ్రాములు.

ఈ మందును పుట్టించినవారిని నిందించుట న్యాయము కాదు. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్కులో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, కీళ్లవాతముతో మంచము పట్టిన ఒక యువతికి ఈ జాతి మందులలో మొదటిదగు కార్టిసోనును ఇచ్చెను. కొన్ని దినములలోనే ఆమె లేచి నడచెను. 1950 లో ఆయనకును, దానిని వెలికితీసిన కెండాల్, రైఖ్‌స్టైన్ అను రసాయనశాస్త్రజ్ఞులకును నోబెల్ బహుమతి ఇచ్చిరి. ఉబ్బసమునకు, కొన్ని మూత్రపిండరోగములకు, మరి యెన్నో వ్యాధులకు ఇది నేటికిని ప్రాణదానము చేయుచున్నది. కాని మనదేశములో వైద్యుని చీటిలేక అమ్మరాదని చట్టమున్న ఈ మాత్ర, పల్లెలలో చీటి లేకయే చేతులు మారుచున్నది. కీళ్లనొప్పులకు నాటుమందని అమ్ము కొన్ని పొడులలో కూడ దీనిని కలిపినట్లు పరీక్షలలో పలుమార్లు బయటపడినది. "రెండు పూటలలో నొప్పి మాయం" అను పొడిని చూచినపుడు మాకు మొదట కలుగు అనుమానము ఇదియే.

కావున ఇంటిలో ఎవరైనను స్టెరాయిడ్ మాత్రను మూడు నాలుగు వారములకు మించి వాడుచున్నచో, దానిని తమంతట తాము మానరాదు. వైద్యుని పర్యవేక్షణలో మోతాదును మెట్లు మెట్లుగా దించవలయును. ప్రెడ్నిసొలోన్ రోజుకు 5 మిల్లీగ్రాముల ప్రాంతమునకు వచ్చిన పిదప మరింత నెమ్మదిగా దించవలయును. లాకు మేల్కొనుట అచ్చటినుండియే మొదలగును. అందులకు నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు సంవత్సరము దాటును. దించుచున్న కాలమున ఒళ్లునొప్పులు, నీరసము కొంత ఉండును. జ్వరము వచ్చిన దినములలో మాత్రను మానుట కాదు, వైద్యుడు ముందుగా చెప్పిపెట్టినట్లు రెండు మూడు రెట్లు పెంచవలయును. వాంతులచేత మాత్ర కడుపులో నిలువనిచో ఇంటిలో కూర్చుండరాదు, సూదిమందు కావలయును. పన్ను పీకించుకొనుటకు పోయినను, శస్త్రచికిత్సకు పోయినను, "నేను స్టెరాయిడ్ వాడినవాడను" అని ముందుగా చెప్పవలయును. చెప్పలేని స్థితి రావచ్చును గనుక, ఆ సంగతి వ్రాసిన చీటిని చొక్కా జేబులో ఉంచుకొనుట మంచిది. ఉబ్బసమునకు పీల్చు మందులలోని స్టెరాయిడ్ చాల తక్కువ. పెద్ద మోతాదులు చిరకాలము వాడువారు తప్ప తక్కినవారు దానికి భయపడి పీల్చుట మానరాదు. మానినచో ఉబ్బసమే ముందు చంపును.

కార్టిసాల్ మితిమీరుటయు ఒక జబ్బే. పీయూషగ్రంథిలోనో, అధివృక్కగ్రంథిలోనో కంతి పుట్టుటచేత అది కలుగును. దానిని 1912 లోను, మరింత విపులముగా 1932 లోను అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ వర్ణించెను. ముఖము గుండ్రమగుట, పొట్టపై వెడల్పైన ఎఱ్ఱని చారలు, తొడకండరములు క్షీణించి కూర్చున్నచోటినుండి లేవలేకపోవుట దాని గుర్తులు. అరుదైనది. స్టెరాయిడ్ మాత్రలు మింగుటచేత వచ్చిన అట్టి రూపమే మేము తరచు చూచునది.

మరల మన ఉపాధ్యాయురాలి వద్దకు వత్తము. ఆమె బరువు తగ్గలేదు. రక్తపుపోటు నిలువునను, కూర్చున్నపుడును సరిగా ఉన్నది. అరచేతి గీతలు నల్లబడలేదు. కాని కనురెప్ప క్రిందికి లాగి చూడగా లోపల గోడకు వేసిన సున్నమువలె తెల్లగా ఉన్నది. నెలనెలయు ఎనిమిది దినములు ఎక్కువగా రక్తము పోవుచున్నదని, అడిగిన పిమ్మట చెప్పెను. అంతవరకు ఎవ్వరును అడుగలేదట. రక్తములో హిమోగ్లోబిన్ 7.8. ఉమ్మిని నాలుగుసార్లు పరీక్షించిరి గాని, రక్తమును ఒక్కసారియు పరీక్షింపలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారము మనదేశములో పదునైదు మొదలు నలుబది తొమ్మిది యేండ్ల స్త్రీలలో నూటికి 57 గురు రక్తహీనులు. ఆమెకు గ్రంథులు అలసిపోలేదు, రక్తము చాలలేదు. ఇనుపధాతువు మాత్రలు వ్రాసి, వానిని నిమ్మరసముతో వేసికొనుమనియు, ఆ ప్రక్కనే టీ త్రాగవలదనియు చెప్పి, రక్తస్రావమునకు కారణము చూచుటకై స్త్రీల వైద్యురాలి వద్దకు పంపితిమి.

అలసటయని వచ్చువారిలో రక్తహీనత కానిచో థైరాయిడు లోపము, మధుమేహము, శాకాహారులలో బి12 లోపము, దీర్ఘమైన దగ్గుతో క్షయ, గురకపెట్టి ఊపిరి ఆగి ఆగి నిద్రించుట, ఇంటిలో ఎవరికిని చెప్పుకొనని దిగులు, ఇవి వరుసగా వెదకవలసినవి. వీనిలో పెక్కింటికి పరీక్ష ఖర్చు ఉమ్మి పరీక్షలలో పదవవంతైనను కాదు. ఏదియు కనబడనప్పుడు నిద్ర ఎన్ని గంటలో, ఇంటిపని ఎవరు చేయుచున్నారో అడుగుదుము. ఐదు గంటలకు లేచి, పదునొకండు గంటలకు పండుకొని, నడుమ ఇల్లు, ఉద్యోగము రెండును మోయు స్త్రీకి అలసట జబ్బు కాదు, లెక్క.

ఆ పొడి డబ్బాను ఆమె మాకు చూపెను. అందేమి కలదో మేము చెప్పజాలము. కాని 2018 లో అమెరికాలో, అధివృక్కగ్రంథులకు బలమని అమ్మెడి 12 రకముల మందులను వైద్యులు పరీక్షింపగా, అన్నిటిలోను థైరాయిడు హార్మోను కనబడినది. పెక్కింటిలో ఏదో ఒక స్టెరాయిడ్ కూడ కనబడినది. చీటిలో ఆ మాట లేదు. అట్టి డబ్బా వాడినవారికి మొదట ఉత్సాహము కలుగుటలో వింత లేదు. నెలల తరబడి వాడి ఒక్కసారి మానినచో మన రైతుకు జరిగినదే వారికిని జరుగవచ్చును.

ఆ ఉపాధ్యాయురాలు మూడు నెలల తరువాత వచ్చినపుడు హిమోగ్లోబిన్ 11.2 కి వచ్చినది. మేడమెట్లు ఆగకుండ ఎక్కుచున్నదట.

రైతునకు ఎక్కువ కాలము పట్టినది. ఉదయము లేవగనే ఒక మాత్ర, మధ్యాహ్నము అరమాత్ర చొప్పున హైడ్రోకార్టిసోను ఇచ్చి పంపితిమి. నడుమ ఒకసారి వరికోతల వేళ జ్వరము వచ్చినది. అల్లుడే జేబులోని చీటి చూచి, మోతాదు పెంచి, మాకు ఫోను చేసెను. పదునొకండవ నెలలో ఎ.సి.టి.హెచ్. సూది ఇచ్చి పరీక్షింపగా కార్టిసాల్ 19 కి లేచినది. లాకు తెరచుకొన్నది. మాత్ర మాన్పించి, ఇంకొక సంవత్సరము ఆ చీటిని మాత్రము జేబులోనే ఉంచుకొమ్మంటిమి.

మోకాళ్లు ఇంకను నొప్పిపెట్టుచున్నవట. తొడకండరములకు బలమిచ్చు వ్యాయామము నేర్పించితిమి. గట్టుమీద నడచునపుడు కఱ్ఱ పట్టుకొమ్మని చెప్పితిమి. "కర్ర పట్టుకుంటే ఊళ్లో ముసలాడంటారండీ" అని ఆయన నవ్వెను గాని, మరుసటిసారి వచ్చినపుడు చేతిలో కఱ్ఱ ఉన్నది.